పొటాషియం ఏడు దాటిన పాప

పిల్లల వార్డులో పనిచేసినన్నాళ్లూ నాకు రెండు పేర్లుండేవి. ఎదురుగా అందరూ మేడమ్ అనేవాళ్లు. వెనకాల మిరపకాయ అనేవాళ్లట. ఆ రెండో పేరు నా చెవిన పడలేదనుకుని జూనియర్లు చాలా ఏళ్లు హాయిగా బతికారు. రిటైరయ్యాక ఒకడు స్వీట్ల డబ్బాతో మా ఇంటికొచ్చి, టీ తాగి, ధైర్యం తెచ్చుకుని చెప్పాడు. నాకెప్పుడో తెలుసన్నాను. వాడి మొహం చూడాలి అప్పుడు.

కోపం ఎక్కువే నాకు. పిల్లల వార్డులో పనిచేస్తూ కోపం రాని డాక్టర్లని కూడా చూశాను. వాళ్లెలా నెట్టుకొచ్చారో ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు డాక్టరీ చదువుకుంటున్న మీకోసం ఒక్క కేసు గురించి రాస్తున్నాను. నా చేతుల మీద బాగుపడిన పిల్లల గురించి వాళ్ల తల్లిదండ్రులు చెప్పుకుంటారు, నేను చెప్పనక్కర్లేదు. ఇది బాగుపడని పాప గురించి. మీకు మంచం పక్కనే యంత్రం ఉంటుంది. రక్తం చుక్క వేస్తే టీ చల్లారేలోగా సోడియం ఎంత, పొటాషియం ఎంత అని అంకెలు పడతాయి. మీరు ఆ అంకెలు చూసి మందు మారుస్తారు. మంచం మీద పిల్లని కూడా చూడండి అని నేనంటే, ముసలావిడ గొణుగుడని నవ్వుకుంటారు. నవ్వుకోండి. ముందు ఇది చదవండి.

తొంభైల మధ్యలో మాట. మా ఆసుపత్రిలో కూడా సోడియం, పొటాషియం చూసే యంత్రం ఉండేది. ఉండేదంటే, గదిలో ఒక మూల గుడ్డ కప్పుకుని ఉండేది. బాగుచేసేవాడు హైదరాబాదు నుంచి రావాలి. అతను వస్తే విడిభాగం రాదు, విడిభాగం వస్తే అతను రాడు. అందుకని రక్తం తీసి సీసాలో పోసి పిల్లల తాలూకు మనిషి చేతికిచ్చి, సీతమ్మధారలో ఒక ప్రైవేటు ల్యాబుకి పంపేవాళ్లం. మందులు కొనుక్కురమ్మన్నంత మామూలుగా రక్తం ఇచ్చిరమ్మనేవాళ్లం. అది సరైన పద్ధతేనా అని మాలో ఎవరూ అడగలేదు, ఎందుకంటే వేరే పద్ధతి లేదు.

ఆ పాపకి ఆరేళ్లు. తండ్రి ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద కలాసీ. తల్లి కాన్పుకి పుట్టింటికి పూడిమడక వెళ్లి అక్కడే ఉంది. అందుకని పాప వెంట తండ్రీ, నాయనమ్మా వచ్చారు. వచ్చేసరికి పాప కుడి పాదం ఉబ్బి నల్లబడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. మొహం పొంగి కళ్లు సగం మూసుకుపోయాయి.

“జెల్ల సేప ముల్లు గుచ్చుకుందమ్మా,” అంది నాయనమ్మ. “వలల కాడ ఆడుకుంటంటే గుచ్చుకున్నాది. పసుపెట్టి కట్టినాం. తగ్గిపోద్దనుకున్నాం.”

“నిన్నట్నుంచి ఒంటేలుకి ఎల్లడం లేదమ్మా,” అన్నాడు తండ్రి. “సుక్క కూడా లేదు.”

ఆ రెండో మాట వినగానే సంగతి అర్థమైంది. కాలి పుండులోని క్రిములు రక్తంలోకి ఎక్కాయి. పసిపిల్లలకి రక్తంలో ఇన్ఫెక్షన్ వస్తే రక్తపోటు పడిపోతుంది, కిడ్నీలకి రక్తం చాలదు, అవి పని మానేస్తాయి. అవి మానేస్తే ఒంట్లో నీళ్లూ, మలినాలూ, లవణాలూ దేనికీ బయటికి దారి ఉండదు. వాటన్నిటిలో మేం భయపడేది పొటాషియానికి. అది కణాల లోపల దండిగా ఉంటుంది, బయట రక్తంలో కొంచెమే ఉంటుంది. ఆ కొంచెం నాలుగూ అయిదూ దగ్గర ఉన్నంతసేపు గుండె సవ్యంగా కొట్టుకుంటుంది. ఏడు దాటితే ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. రెండుకు పడిపోయినా అంతే. కిడ్నీ ఆగిన పిల్లల్లో అది పెరుగుతుందని మా చదువంతా చెప్పింది, మా అనుభవమూ చెప్పింది.

రక్తం తీసి తండ్రి చేతికిచ్చారు. “జాగ్రత్త, ఆలస్యం చేస్తే పాడైపోతుంది,” అని మా జూనియర్ చెప్పాడు. ఆ జూనియర్ గోపాలపట్నం నుంచి స్కూటర్ మీద వచ్చే కుర్ర డాక్టరు. తిండి మీద ఎంత ప్రేమో పిల్లల మీదా అంత ప్రేమ ఉన్నవాడు. తండ్రి సీసాని రెండు చేతులా అందుకుని, తల ఊపి, బయటికి పరుగెత్తాడు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. పొటాషియం ఏడు దాటింది.

ఈసీజీ తీసి చూశాను. పొటాషియం అంత ఉంటే ఆ గీతల్లో నిటారుగా కొండ కొమ్ముల్లాంటివి కనిపించాలి. కనిపించలేదు. మా యూనిట్ పెద్దాయనకి చూపించాను. ఆయన గొప్ప డాక్టరు, ఇది వెటకారానికి అనడం లేదు. కాకపోతే ఆయనకి ఊహలంటే పడదు. రౌండ్స్‌లో ఎవరు ఏం చెప్పినా “కాగితం చూపించు” అనేవారు.

“సార్, ఈసీజీ బాగానే ఉంది. రిపోర్టు తప్పేమో,” అన్నాను.

“మళ్లీ పంపించు.”

మర్నాడు మళ్లీ పంపించాం. మళ్లీ ఏడు దాటింది.

“ఒకసారి వస్తే తప్పనుకోవచ్చు. రెండుసార్లు అదే వచ్చిందంటే ఏమంటావు?” అన్నారాయన. “ఈసీజీలో కనిపించేదాకా కూర్చుంటే అప్పటికి పిల్ల ఉండదమ్మా.”

 నిజానికి ఆయన చెప్పినది పుస్తకం ప్రకారం సరైనదే. పైగా పాపకి డయాలసిస్ ఎలాగూ కావాలి, మూత్రం లేదు, ఒళ్లంతా నీరు. ఇప్పటిలా పిల్లలకి సరిపడే యంత్రాలు మాకు లేవు. పొట్టలోకి సన్నటి గొట్టం దింపి, సీసాలోని ద్రావణాన్ని లోపలికి పంపి, కాసేపు ఉంచి, బయటికి వంపేవాళ్లం. పొట్ట లోపలి పొర జల్లెడలా పనిచేసి మలినాలని ద్రావణంలోకి వదులుతుంది. ఆ ద్రావణంలో పొటాషియం ఉండదు. రక్తంలో అది తక్కువగా ఉంటే మేమే కొంచెం కలుపుతాం, ఎక్కువగా ఉంటే కలపం. ఈ పాపకి కలపలేదు. అది చాలదన్నట్టు పొటాషియాన్ని దింపే ఇంజెక్షన్లూ, పొడులూ కూడా మొదలుపెట్టాం.

ఆ కుర్ర డాక్టరు వార్డు వదల్లేదు. సీసాలు వేడినీళ్ల బకెట్లో పెట్టి గోరువెచ్చగా చేసి, ఒకటి అయ్యాక ఒకటి వేలాడదీస్తూ, వచ్చినది కొలుస్తూ అక్కడే తిని అక్కడే పడుకున్నాడు. పాపతో స్నేహం కలిపాడు. వాపు తీసింది. కళ్లు తెరిచింది. కాలి పుండు కోసి చీము తీశాక జ్వరం కూడా దిగింది. ఒకరోజు పొద్దున నేను మంచం దగ్గరికి వెళ్లేసరికి నాయనమ్మ నవ్వుతోంది.

“మెత్తళ్ల పులుసు కావాలంట డాక్టరమ్మా దీనికి. నిన్న రాత్తిరి నుంచి ఒకటే గోల.”

“అమ్మా, నానింటికెప్పుడెల్తాను?” అంది పాప నాతో.

“నువ్వు ఒంటేలు పోసిన రోజున,” అన్నాను. అది కిసుక్కున నవ్వి నాయనమ్మ చెంగులో మొహం దాచుకుంది. నేను ఎవరినీ ముద్దుచేసే రకం కాదు. ఆ రోజు మాత్రం దాని బుగ్గ గిల్లాను. ఈ పిల్ల బతుకుతుందని నమ్మాను.

రిపోర్టు మాత్రం ఏడు నుంచి ఆరు దగ్గరికే దిగింది. అదింకా ఎక్కువే. ఇంకా దించాలి అన్నారు పెద్దాయన. ఇంకా దించాం.

ఆ తర్వాతి పొద్దున కుర్ర డాక్టరు నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“మేడమ్, పాప తల నిలపట్లేదు. పొట్ట ఉబ్బరించేసింది. ఏటో తేడాగా ఉంది, ఓసారి రండి.”

వెళ్లాను. నిన్న నవ్విన పిల్ల. చెయ్యెత్తి వదిలితే తడిగుడ్డలా పడింది. కళ్లు మాత్రం నా వెంట తిరుగుతున్నాయి. ఈసీజీ పెట్టాం. గీత చదునుగా సాగిపోతోంది, మధ్యమధ్యలో గుండె దెబ్బలు గతి తప్పుతున్నాయి. పొటాషియం బాగా పడిపోయినవాళ్లలో చూసే గీత అది. పెద్దాయన కూడా వచ్చి ఆ కాగితాన్ని వేళ్ల మధ్య జరుపుతూ చాలాసేపు చూశారు.

“సార్, ఇది పొటాషియం ఎక్కువైన గుండె కాదు. పొటాషియం ఎక్కిద్దాం.”

“నిన్నటి రిపోర్టు ఆరు. కిడ్నీలు లేని పిల్ల. నువ్వు పొరపాటు పడితే ఆ ఎక్కించినదే చంపేస్తుంది. ఊహ మీద ఆ పని నేను చెయ్యను, నిన్ను చెయ్యనివ్వను.”

“మరి ఈ గీత?”

ఆయన ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టారు. 

“నేనే వెళ్లి చూపించుకొస్తాను. నా ఎదురుగా చెయ్యాలి,” అన్నాను.

“వెళ్లు. అక్కడి నుంచే ఫోన్ చెయ్యి. నువ్వు ఏది చెబితే అది చేస్తాం.”

కొత్తగా రక్తం తీసుకుని బయటికి పరుగెత్తాను. తండ్రి వరండాలో బెంచీ మీద ఉన్నాడు. తెల్లవారగానే తీసిన రక్తం అతని దగ్గరే ఉంది, రోజూ వెళ్లేవేళ ఇంకా కాలేదు. “పద, ల్యాబు చూపించు,” అన్నాను. బెంచీ కింద నుంచి గుడ్డ సంచి తీసుకుని నా వెంట వచ్చాడు. ఆటో ఎక్కాం.

సీసా నా గుప్పిట్లో ఉంది. దారంతా ఆటోవాణ్ని తిడుతూనే ఉన్నాను. కాసేపటికి పక్కన అతను నా చేతి వంక చూడటం, చూపు తిప్పుకోవడం, మళ్లీ చూడటం గమనించాను.

“ఏంటయ్యా?” అన్నాను విసుగ్గా.

“కోప్పడకండమ్మా. అలగ సేత్తో అట్టుకుంటే వేడికి పాడైపోద్ది కదేటి? ఇటివ్వండి, ఐసులో ఎడతాను.”

“ఐసేంటి?”

సంచిలోంచి థర్మోకోల్ పెట్టె తీసి మూత ఎత్తాడు. నిండా చితక్కొట్టిన ఐసు. దాని మధ్యలో, పొద్దున మా కుర్ర డాక్టరు ఇచ్చిన సీసా, మూతి మాత్రం పైకి కనిపించేలా పాతిపెట్టి ఉంది.

ఆ సీసాని వేలితో తాకి చూశాను.

“రోజూ ఇలాగే తీసుకెళ్తున్నావా?”

“రోజూ ఇలగేనమ్మా. మొదట్రోజు మీరిచ్చిన సీసాతోనే ఐసు ప్లాంటుకి పరుగెట్టినాను, ఆ తరవాత్నుంచి తెల్లారగట్లే ఎల్లి తెత్తన్నాను. బోట్లకేసే ఐసు కాదమ్మా, మంచినీళ్ల ఐసు అడిగి మరీ అట్టుకొత్తన్నాను. పొద్దున తీసిన రగతం ఆళ్లు మజ్జానం దాకా ముట్టుకోరు. ఈ ఎండకి అప్పటిదాకా ఆగుద్దేటి? ఆలీసమైతే పాడైపోద్దని డాక్టరుబాబు సెప్పినాడు కదా. సేపకే అంత సేత్తాం. మా గుంట రగతం కదమ్మా ఇది.”

నా మొహంలో ఏం చూశాడో, మూత పెట్టబోతూ ఆగాడు. “ఏటమ్మా? ఏటైనాది?” అన్నాడు.

మీలో తెలియనివాళ్లకి చెబుతాను. గడ్డకట్టిన రక్తాన్ని అలాగే గంటల తరబడి ఐసులో పెడితే, పొటాషియాన్ని లోపలే పట్టి ఉంచే శక్తి కణాలకి పోతుంది. లోపలిది మెల్లగా బయటికి కారుతుంది. కణాలు పగలవు కాబట్టి పైన తేరిన నీరు ఎర్రబడదు, చూసేవాడికి అనుమానం రాదు. ఆ నీటిని పరీక్షిస్తే పొటాషియం ఏడు ఉంటుంది. అది సీసాలో ఏడు. పాప ఒంట్లో ఎంతో ఎవరికీ తెలీదు. రెండోసారీ అదే ఎందుకు వచ్చిందంటే, రెండోసారీ అదే తండ్రి, అదే ప్రేమతో, అదే ఐసులో పెట్టి తీసుకెళ్లాడు.

ల్యాబులో వాళ్లు తింటున్న టిఫిన్ ఆపించి యంత్రం వేయించాను. రెండు సీసాలూ పరీక్ష చేయించాను. ఐసులోది ఆరుకి దగ్గర. నా గుప్పిట్లోది రెండు.

“మీరే ఐసులో పంపిస్తున్నారనుకున్నాను మేడమ్,” అన్నాడు ల్యాబు అతను, పాలిపోయిన మొహంతో. “కొన్ని పరీక్షలకి అలాగే పంపిస్తారు కదండీ.”

అతన్ని కొట్టాలనిపించింది. కానీ అతను చెప్పినది నిజం. అతను మేం చెప్పామనుకున్నాడు, మేం అతను చూసుకుంటాడనుకున్నాం. మధ్యలో ఆ తండ్రి ఒక్కడే ఏదీ అనుకోకుండా, తనకి తెలిసిన పని తనకి తెలిసినట్టు శుభ్రంగా చేశాడు.

ఫోన్ అందుకున్నాను. కుర్ర డాక్టరు ఎత్తాడు.

“డయాలసిస్ ఆపెయ్. పొటాషియం రెండు. డ్రిప్‌లో కలిపి మెల్లగా మొదలుపెట్టు.”

“రెండా? ఆరు కదా మేడమ్?”

“రెండురా! ఇన్నాళ్లూ తప్పు. సార్‌కి చెప్పి వెంటనే మొదలుపెట్టు. పరుగెత్తు!”

వెనక్కి తిరిగితే తండ్రి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పెట్టె గుండెలకి హత్తుకుని ఉంది. నా కేకలన్నీ విన్నాడు. ఇంగ్లీషు మాటలు పోయినా, ఇన్నాళ్లూ తప్పు అన్న మాట తెలుగులోనే అన్నాను.

తిరుగు దారిలో అతను ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. ఆ ఆటోలో నేను అనుకున్నదల్లా ఇంకొక్క గంట, ఒక్క గంట ఆ గుండె ఓర్చుకుంటే చాలునని.

మేం వార్డులోకి వెళ్లేసరికి మంచం చుట్టూ తెర ఉంది. లోపల మా పెద్దాయన మంచం పట్టీ మీద మోకాలు పెట్టి, అరచేత్తో పాప గుండె మీద నొక్కుతున్నారు. కళ్లజోడు కింద పడి ఉంది. కుర్ర డాక్టరు రబ్బరు సంచితో పాప నోట్లోకి గాలి కొడుతున్నాడు. పొటాషియం కలిపిన డ్రిప్ అప్పుడే వేలాడదీశారు, గొట్టంలో చుక్కలు పడుతున్నాయి. ఎక్కాల్సినదంతా ఎక్కడానికి కాలం చాలలేదు. పొటాషియం లేని గుండె ఒకసారి గతి తప్పాక మా మాట వినలేదు. నేను వెళ్లి పెద్దాయన చోటు తీసుకున్నాను. చాలాసేపు చేశాం. ఆపమని ఎవరూ అనలేదు, చివరికి నర్సే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

కేసు షీటులో మరణ కారణం రక్తంలో ఇన్ఫెక్షన్, కిడ్నీలు పనిచేయకపోవడం అని కాకుండా, జరిగినదంతా రాయమన్నారు పెద్దాయన. రాసిన దాని కింద తన సంతకం పెట్టారు. ఆ తర్వాత ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి, అందరితో గొడవపడి, మా యంత్రం బాగుచేయించారు. రక్తం మోసే పని మళ్లీ ఎప్పుడూ తల్లిదండ్రులకి ఇవ్వనివ్వలేదు. ఆ కుర్ర డాక్టరు ఇప్పుడు పెద్ద డాక్టరు. వాడి జూనియర్లు వాణ్ని చాదస్తుడంటారని విన్నాను. వార్డులోకి వచ్చిన ప్రతి సీసానీ ముందు చేత్తో తాకి చూస్తాడట.

ఆ మధ్యాహ్నం సంగతి మిగిలింది.

తండ్రికి ఏం చెప్పాలని నేను లోలోపల మాటలు కూర్చుకుంటున్నాను. ఇన్ఫెక్షన్ ముదిరిపోయింది నాయనా, మేం చెయ్యగలిగినదంతా చేశాం అని. రోజూ చెప్పే మాటలే, నోరు తిరిగిన మాటలే. ఈలోగా పెద్దాయన వరండాలోకి వెళ్లి, బెంచీ మీద అతని పక్కనే కూర్చున్నారు. రోగుల తాలూకు మనుషుల పక్కన ఆయన కూర్చోవడం అంతకుముందు నేను చూడలేదు.

“నాయనా, రక్తాన్ని ఎలా పట్టుకెళ్లాలో నీకు చెప్పాల్సింది మేము. చెప్పలేదు. ఆ కాగితం నమ్మి వైద్యం చేసింది నేను. తప్పు నాది.”

“ఐసులో ఎట్టకపోతే మా గుంట బతికేదా బాబూ?”

నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. అబద్ధం చెప్పండి సార్ అనుకున్నాను. ఈ ఒక్కసారికి కాగితం పక్కన పెట్టి అబద్ధం చెప్పండి.

“బతికేదేమో,” అన్నారాయన.

అతను ఏడవలేదు. ఆయన మీద అరవలేదు. అరిచి ఉంటే మాకు కొంత తేలికయ్యేది. తల ఒకసారి ఊపాడు, రక్తం సీసా అందుకున్న రోజు ఊపినట్టే. లోపల నాయనమ్మ గొంతు పోయేలా ఏడుస్తోంది. నర్సు పాప ఒంటి మీది గొట్టాలన్నీ తీసి, తుడిచి, దుప్పటి కప్పింది.

కాసేపటికి అతను నా గది బయటికి వచ్చి ఆగాడు. రమ్మనేదాకా లోపలికి రాలేదు.

“ఆళ్లమ్మ పూడిమడకలో ఉందమ్మా. కబురెట్టినాను. పచ్చి బాలింత, ఇయాల రాలేదు. రేపొద్దునకి గానీ అట్టుకురాలేరు. అది వచ్చి సూసేదాకా పిల్లని ఉంచాల.”

“ఉంచు నాయనా,” అన్నాను.

అయినా కదల్లేదు. ఏదో అడగాలి, అడగడానికి భయం. చేతులు కట్టుకుని, నేల చూస్తూ, చాలా మెల్లగా అడిగాడు.

“ఇప్పుడు ఐసు ఎట్టొచ్చా అమ్మా?”

పెట్టొచ్చని చెప్పాను.